ముందొచ్చిన తాడు

కూర్మయ్యగారికి ఒక పాడలవాటు ఉందని ఆయన శిష్యులే చెప్పుకుంటారు. ప్రశ్న అడిగినవాడికి ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. సముద్రపొడ్డున సరుగుడు తోపు పక్కన రెండు తాటాకు పాకలు, అదే ఆయన ఆశ్రమం. మోక్షం గురించి అడగబోయిన జమీందారుగారి మనవడి చేత పూర్వం బావిలో పూడిక తీయించారట. ఆ పెద్దమనిషి మళ్ళీ ఇటు తొంగి చూడలేదు గానీ, బావిలో నీళ్ళు మాత్రం బాగా ఊరాయి.

లోకనాథం ఈ సంగతి తెలిసిన శిష్యుడే. దగ్గర్లోని రొయ్యల ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలన్నీ చూసే మేనేజరు. మనిషిని పనిలో పెట్టుకోవాలన్నా, జీతం పెంచాలన్నా, ఇంటికి పంపాలన్నా అతని మాట మీదే జరుగుతుంది. ఆ ఆదివారం తెల్లవారీ వారకుండానే వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా, కాలుగాలిన పిల్లిలా అరుగుకీ తోపుకీ మధ్య తిరగడం మొదలుపెట్టాడు.

"గురువుగారూ, ఎక్కువ కష్టపడ్డవాళ్ళకి ఎక్కువివ్వాలి, తక్కువ కష్టపడ్డవాళ్ళకి తక్కువివ్వాలి. ఇది న్యాయమా, కాదా?"

"వినడానికి న్యాయంగానే ఉంది నాయనా."

"మరి నేను న్యాయం చేస్తుంటే నా మనుషులెందుకు పాడైపోతున్నారు?"

జవాబు కోసం ఆగకుండా లోకనాథం తిరుగుతూ తిరుగుతూ అంతా కక్కేశాడు. ఏదో శిక్షణ అని హైదరాబాదు వెళ్ళొచ్చి, రెండేళ్ళ కిందట ఫ్యాక్టరీలో మెట్ల పద్ధతి పెట్టింది తనే. రొయ్యలు ఒలిచే ప్రతి జట్టులోనూ ఒకరిని పైమెట్టు మీద, ఒకరిని అడుగుమెట్టు మీద నిలబెట్టి తీరాలి. పైమెట్టుకి జీతం పెరుగుతుంది. అడుగుమెట్టు రెండేళ్ళు వరసగా వస్తే ఉద్యోగం ఊడుతుంది. జట్టులో అందరూ బాగా చేసినా సరే, అడుగున ఎవరో ఒకరు ఉండి తీరాల్సిందే. యజమాని ముచ్చటపడి భుజం తట్టాడు. మొదటి నెలలో ఒలుపు పెరిగింది కూడాను.

ఆ తరవాతే మొదలైంది పీడ. పెద్ద రొయ్యలున్న ట్రే కోసం ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు. కొత్తగా చేరినదానికి వేలు తెగకుండా తొక్క ఎలా లాగాలో చెప్పే దిక్కు లేదు. చెబితే అది రేపు తన నెత్తినెక్కి కూర్చుంటుందని భయం. సూపర్‌వైజర్లు అడుగుమెట్టుకి పనికిమాలినవాళ్ళ పేర్లు చెప్పడం మానేసి, అడిగే నాథుడు లేనివాళ్ళ పేర్లు చెబుతున్నారు. పోనీ జీతం పెరిగినవాళ్ళైనా నవ్వుతున్నారా అంటే అదీ లేదు, పక్కదానికెంత పెరిగిందోనని ఏడుపు.

"రేపు మూడో జట్టులో అడుగుమెట్టు పేరు చెప్పాలండీ. రాజులమ్మ పేరొచ్చింది. పోయినేడూ ఆవిడే. ఫ్యాక్టరీ పెట్టిననాటి మనిషి. కొత్తవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పేది ఇప్పుడు ఆవిడొక్కర్తే. అందుకే ఆవిడ ఒలుపు తగ్గింది. మొగుడు పడవలోంచి పడి నడుం విరగ్గొట్టుకుని మంచంలో ఉన్నాడు. రేపు నేను పేరు చెబితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. చెప్పకపోతే నా పద్ధతి నేనే తప్పినట్టు. నిద్ర పట్టడంలేదు గురువుగారూ, ఏం చెయ్యమంటారు?"

"ఒడ్డుకి పద," అన్నారు కూర్మయ్యగారు తలపాగా చుట్టుకుంటూ. "దానయ్య వల వేశాడు. తాడు లాగడానికి మనుషులు చాల్లేదంటున్నారు."

లోకనాథానికి ఒళ్ళు మండింది. కానీ గురువు నడుస్తుంటే శిష్యుడు ఆగిపోతాడా? చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో వెనకే నడిచాడు.

అక్కడ వేసేది అలివి వల. పడవ వెళ్ళి వలని సముద్రంలో అర్ధచంద్రంలా పరిచి వస్తుంది. రెండు కొసలకీ రెండు పొడుగాటి తాళ్ళు. ఉత్తరం తాడు ఒక గుంపు, దక్షిణం తాడు ఒక గుంపు ఒడ్డున నిలబడి లాగుతారు. మధ్యలో ఉన్న సంచిలోకి చేప చేరుతుంది. వల సొంతదారు వాటా పోగా మిగిలినది తాడు పట్టినవాళ్ళందరికీ సమానం. లోకనాథానికి చేపల ధరలు తెలుసు గానీ, తాడు పట్టిన చెయ్యి కాదు అతనిది. అతన్ని ఉత్తరం తాడుకి పంపి, గురువుగారు పంచె ఎగ్గట్టి దక్షిణం తాడు పట్టుకున్నారు.

కాసేపటికే అరచేతులు భగ్గుమన్నాయి. చేతులు తాడు మీదున్నా కళ్ళు ఫ్యాక్టరీలో ఉన్నట్టే ఉన్నాయి. ముందున్న కుర్రాడు ఒళ్ళు హూనం చేసుకుంటున్నాడు. వాడి వెనకవాడు బీడీ కాలుస్తూ ఊరికే తాడు మీద చెయ్యేసి ఉన్నాడు. ఇక ఇసక దిబ్బ మీద పోతయ్య అనే ముసలాయన ఉన్నాడు, ఆయనైతే తాడే ముట్టుకోలేదు. నీళ్ళకేసి చూస్తూ "ఉత్తరపోళ్ళు నెమ్మది! దచ్చిణపోళ్ళు లాగండెహె!" అని కేకలేస్తున్నాడు, అంతే.

"దానయ్యా, ఆ ముసలాయనకెంత వాటా?" అనడిగాడు లోకనాథం, ఉండబట్టలేక.

"అందరికెంతో ఆడికీ అంతే బాబూ," అన్నాడు వలపెద్ద దానయ్య.

"ఆయన లాగడం లేదుగా!"

"ఆడూ లాగితే మరి సూసేదెవులు బాబూ?"

ఆ మాట లోకనాథం చెవిన పడింది గానీ తలకెక్కలేదు. అన్యాయం కళ్ళెదుట జరుగుతుంటే ఊరుకోవడం అతని వల్ల కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి, దానికి తోడు హైదరాబాదు శిక్షణ! జేబులోంచి నోట్లు తీసి గాల్లోకెత్తి అరిచాడు. "ఏ తాడు ముందు ఒడ్డుకొస్తే ఆ పక్కవాళ్ళకి రెండు వేలు! నేనిస్తాను!"

"వొద్దు బాబూ..." అని దానయ్య అంటూనే ఉన్నాడు, కుర్రకారు వేసిన ఈలల్లో ఆ మాట కొట్టుకుపోయింది.

ఇక చూడాలి ఆ లాగుడు! బీడీ కాలుస్తున్నవాడు బీడీ ఉమ్మేశాడు. హైలెస్సా అంటే హైలెస్సా. ఇసకలో మడమలు దిగబడిపోతున్నాయి. లోకనాథానికి చేతుల మంట తెలియలేదు. రెండేళ్ళ తరవాత మొదటిసారి అతని మనసు తేలికపడింది. చూశారా, పద్ధతిలో తప్పులేదు, తప్పంతా మనుషుల్లోనే అనుకున్నాడు. దిబ్బ మీద పోతయ్య గొంతు చించుకుంటున్నాడు, చేతులూపుతున్నాడు, చివరికి తలపాగా విప్పి ఊపాడు. ఒక్కడూ తల తిప్పలేదు.

ఉత్తరం తాడు ఒడ్డుకొచ్చింది. ఉత్తరంవాళ్ళు గంతులేశారు. ఆ గంతుల్లోనే ఎవరో "వలా!" అని కెవ్వుమన్నారు. ఒక రెక్క ముందొచ్చేసరికి వల పక్కకి వాలిపోయింది, సంచి మూతి మెలిపడింది. దక్షిణం పక్క తెరుచుకున్న సందులోంచి కవళ్ళ చేపలు, వెండి జలతారు పరిచినట్టు తళతళమంటూ, సముద్రంలోకి పోతున్నాయి. అందరూ నడుంలోతు నీళ్ళలోకి పరుగెత్తారు. చేతులతో చేపని ఆపినవాడెవడు? సంచి ఒడ్డుకి చేరేసరికి దాన్లో ఉన్నది నాలుగు పీతలు, నాచు.

చేపలు కొని ఊళ్ళో అమ్ముకోవడానికి గంపతో వచ్చి నిలబడ్డ నూకాలు లోకనాథం దగ్గరికొచ్చింది. కోపంగా కూడా లేదు ఆమె మొహం. "నీ పందెం బాగుంది గానీ బాబూ, నా గంపలోకేటి రానేదు," అని ఖాళీ గంప చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

లోకనాథానికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఈలోగా ఉత్తరంవాళ్ళు అతని చుట్టూ మూగారు. వాళ్ళకీ సిగ్గుగానే ఉంది, కానీ మాట మాటే కదా. దిక్కుతోచక అతను గురువుగారి వైపు చూశాడు.

"ఇచ్చెయ్యి మరి," అన్నారు కూర్మయ్యగారు. "గెలిచారు కదా."

ఇచ్చాడు. డబ్బు చేతికందీ అందగానే కొట్లాట మొదలైంది. ముందున్న కుర్రాడు తనకెక్కువ రావాలన్నాడు. బీడీవాడికి దమ్మిడీ ఇవ్వనన్నాడు. బీడీవాడు వాడి చొక్కా పట్టుకున్నాడు. దక్షిణంవాళ్ళు చేప పోయిన పాపం ఉత్తరంవాళ్ళదేనని తిట్లకి దిగారు. దానయ్య ఇసకలో చతికిలబడి, "రేపు ఈళ్ళంతా మళ్ళీ ఒకే వల లాగాల బాబూ, ఎలాగ లాగుతారు?" అన్నాడు.

"తప్పెవరిదండీ?" అనడిగాడు లోకనాథం. "పోతయ్య మాట ఒక్కడూ వినలేదు. మీరైనా విని ఉండాల్సింది కదా?"

కూర్మయ్యగారు బొబ్బలెక్కిన రెండు అరచేతులూ చాచి చూపించారు. "రెండు వేలనగానే నా చేతులు కూడా ఊరుకోలేదు నాయనా."

లోకనాథం ఆ చేతుల్ని చూసి తల తిప్పుకున్నాడు. దిబ్బ మీద పోతయ్య తలపాగా చుట్టుకుంటున్నాడు. ఆయన్ని చూస్తుంటే రాజులమ్మ గుర్తొచ్చింది. కొత్తపిల్ల పక్కన కూర్చుని, తన ట్రే వదిలేసి, దాని వేళ్ళ మీదే కళ్ళు పెట్టుకుని ఉండే రాజులమ్మ. ఏడుపు పొంగుకొచ్చింది. ఏడిచాడు కూడా, ఎవరు చూస్తే ఏమనుకుంటారోనని చూసుకోలేదు.

కళ్ళు తుడుచుకున్నాక అన్నాడు. "రేపు రాజులమ్మ పేరు చెప్పను. ఎవరి పేరూ చెప్పను. ఆ మెట్లు నేనే కట్టాను, నన్నే పడగొట్టనివ్వమని అడుగుతాను." అన్నాడే గానీ కాళ్ళు మళ్ళీ ఇసకలో అటూ ఇటూ కదలడం మొదలెట్టాయి. "మా యజమాని ఒప్పుకోడు గురువుగారూ. ముందు నన్నే తీసేస్తాడు. అప్పుడు నా గతేమిటి?"

కూర్మయ్యగారు వంగి, ఇసకలో పడి ఉన్న తాడు చుట్టడం మొదలుపెట్టారు.

"పోతయ్యకి ఈమధ్య చూపు ఆనడం లేదట. ఆ దిబ్బ మీద నిలబడి చూసే మనిషి కావాలి," అన్నారు. "వాటా అందరితో సమానం."