కాకిబంగారమ్మ నోట మేకు దిగిన కథ

కూర్చున్నారా అందరూ? వంటింట్లో వాళ్లు కూడా రావాలి. పాయసం ఎక్కడికీ పారిపోదు. ఈ కథను సగంలో వచ్చి వినరాదు, సగంలో లేచి పోరాదు.

ఒకానొకప్పుడు శాకల్య మహాముని మాండవ్య మహామునిని సమీపించి, "స్వామీ, నేల దున్నుకొనువారికి, నీటిపై ఓడ నడుపుకొనువారికి వ్రతములు చెప్పితిరి. నేల కడుపులోనికి దిగి బతుకువారికి ఏ వ్రతము కలదు?" అని యడిగెను. మాండవ్యుడు కన్నులు తుడుచుకొని, ఉన్నది గాని అది సంతోషమున పుట్టిన వ్రతము కాదని పలికి, కలియుగమున జరుగబోవు వృత్తాంతమును జరిగినట్లే చెప్పనారంభించెను. మునులకు ముందూ వెనకా ఒకటే కదా!

పెన్నానదికి దక్షిణమున ఎర్రమిట్ట యను ఊర అభ్రకపు గని యుండెను. మగవారు లోపలికి దిగి రాయి కొట్టెడివారు. ఆడవారు పైన కొట్టములో కూర్చుండి ఆ రాతిని కత్తితో రేకులుగా చీల్చెడివారు. ఆ రేకునే వారు కాకిబంగారమందురు. గని నడుమ పైకప్పును మోయుటకు ఒక రాతి కంబమును చెక్కక విడిచిరి. దానియందు కాకిబంగారమ్మ కొలువున్నదని నమ్మి, శుక్రవారము పసుపు పూసి, ప్రతిదినము పని మొదలిడక మునుపు సుత్తి పిడితో మూడుమార్లు తట్టి చెవియొగ్గి వినెడివారు. కంబము గణగణమనిన తల్లి సెలవిచ్చినట్లు. బొదబొదమనిన వద్దన్నట్లు, ఆ దినము సుత్తులు భుజాన వేసికొని అందరును పైకి వచ్చెడివారు. ఈ యాచారము తప్పనన్నాళ్లు ఆ గనిలో ఒక్కనికి గోరు కూడ ఊడలేదు.

అంతలో పాడుకాలము వచ్చెను. సముద్రమవతల దొరల సీమలో కొనువారు లేక అభ్రకము ధర పాతాళమునకు పడెను. చుట్టుపట్ల గనులన్నియు మూతపడెను. ఎర్రమిట్ట యజమాని, దిగిన దినమునకే కూలి యని చెప్పెను. సరిగ్గా అప్పుడే కంబము బొదబొదమనసాగెను. ఒకనాడు కాదు, వరుసగా తొమ్మిది దినములు! జనులు చింతచిగురు ఉడికించుకొని తినిరి, పిమ్మట అదియు లేక కడుపు కట్టుకొనిరి.

ఆ ఊర కంబము తట్టువాడు పెంచలయ్య. అతని భార్య చెంచమ్మ. నోరు దురుసు, మనసు వెన్న. ఒళ్లోని ఆడపిల్ల ఏడ్చుటకు కూడ ఓపిక లేక సోలిపోవుట చూడలేక, ఆమె ఓబయ్య యను మంత్రగాని కడకు పోయి కాళ్లావేళ్లా పడెను. వాడు ఆమె ముక్కుపుడక తీసికొని, ఇనుప మేకు నొకదానిని మంత్రించి యిచ్చి, దీనిని కంబము పాదమున కొట్టినచో తల్లి నోరు కట్టుబడి ఇక వద్దని పలుకజాలదని చెప్పెను.

పెంచలయ్య మేకును చూచి చేయి వెనుకకు తీసికొనెను. "అమ్మ నోరు కట్టేదేందే? ఆమె వద్దంటేనే కదా ఇన్నాళ్లు పైకొచ్చి నీ చేతి సంగటి తిన్నా" అనెను. చెంచమ్మకు ఒళ్లు మండి, "రాతికి పసుపు పూస్తావు, బిడ్డకి మన్ను పెడతావా? మగోడివేనా నువ్వు?" అనెను. అతడు మేకును పంచె చెంగున ముడివేసికొని పోయెను. ఎంత మాట! దానిని వెనక్కు తీసికొనుటకు ఆమెకు తరువాత ఎన్నో ఏండ్లు దొరికెను గాని వినవలసినవాడు దొరకలేదు.

మేకు దిగినది మొదలు కంబము దినదినము గణగణ మ్రోగెను. జనులు సంతోషించి పనికి దిగిరి. పొయ్యిలు వెలిగెను, బిడ్డ కోలుకొనెను, ఓబయ్యను ఊరంతయు నెత్తిన పెట్టుకొనెను.

ఆరవ దినమున, పట్టపగలు, చెంచమ్మ కొట్టములో రేకులు చీల్చుచుండగా ఒక ముసలమ్మ వచ్చి ఎదుట నిలిచెను. ఒళ్లంతయు పసుపు. జుట్టునుండి అభ్రకపు పొడి రాలుచుండెను. రెండు పెదవులను కలిపి ఇనుప మేకు దిగియుండెను. ఆమె గనివైపు చేయి చూపును, చెంచమ్మ కొంగు పట్టి లాగును, మాట రాదు. తక్కినవారికి ఆమె కనబడదు. చెంచమ్మకు చూడగనే ఆమె ఎవరో తెలిసెను. తెలియలేదని నేను అబద్ధమాడనమ్మా. తెలిసియు, లేచిన ఆ పూట కూలి పోవునని భయపడి, గంప కొద్దిగానే వెలితి యున్నదని చూచుకొని, "ఉండు తల్లీ, ఈ గంప కానీ, వస్తాండా" అనెను. గంప నిండకమునుపే నేల అదిరెను.

కంబము కూలెను. పెంచలయ్యతో కూడ ఏడుగురు లోపలనే యుండిపోయిరి. ఓబయ్య ఊరు విడిచి పరారయ్యెను. గని మూతపడెను, ఊరు వల్లకాడయ్యెను. చెంచమ్మ ఇరువది దినములు వట్టి చేతులతో రాళ్లు తీసెను. ఇరువదియొకటవ దినమున పెనిమిటి కనబడలేదు, మేకు కనబడెను. గోళ్లు విరిగిపోగా పండ్లతో పట్టి దానిని పెకలించెను.

అంతట తల్లి నోరు విడివడెను. తాను కోపించి కూలలేదనియు, మోయలేకపోతిననియు, మోయలేనని చెప్పుటకు నోరు లేకపోయెననియు చెప్పి, ఆమెకంటె ముందు తానే యేడ్చెను. చెంచమ్మ కాళ్లపై బడి పెనిమిటిని ఇమ్మని వేడెను. తక్కిన కథలలో ఇట్టి చోట దేవతలు ఇచ్చెదరు. ఇక్కడ ఇయ్యలేదు. జరుగబోవునది చెప్పుట యొక్కటే తనకు వచ్చుననియు, పోయిన ప్రాణము తెచ్చుట రాదనియు పలికి, ఈ వ్రతమును మాత్రము ఉపదేశించెను.

శుక్రవారము ఉపవసించి, ఒక రాతికి పసుపు పూసి, మూడుమార్లు తట్టి, చప్పుడు చేయక వినవలెను. పిమ్మట ఇంటిలోని వారందరును, చిన్నకోడలు మొదలుకొని, మనసున వద్దనుకొన్నది ఏదో పైకి చెప్పవలెను. ఎవరును కసరరాదు. మామగారూ, తమరితోనే!

చెంచమ్మ అట్లు చేయగా పక్క మిట్టన కొత్త అభ్రకపు పొర బయటపడెను, ఊరు తేరుకొనెను. రాగయ్య యను మేస్త్రి ఇదంతయు ఆడవాళ్ల చాదస్తమని నవ్వి మానగా, నెల తిరుగకమునుపే బండ పడి కాలు విరిగి మంచమెక్కెను. అతని భార్య వ్రతము పట్టగా లేచి నడిచెను.

గనులకు, బావులకు దిగువారును, యంత్రములతో పని చేయువారును, వారికొరకు గుమ్మమున ఎదురుచూచువారును ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి అన్నవస్త్రములకు లోటుండదు. బిడ్డలు చల్లగా నుందురు. పొద్దున పోయిన మనిషి పొద్దుగూకులకు ఇల్లు చేరును. ఈ కడపటి ఫలమే చెంచమ్మ ఆయుష్షంతయు కోరెను. ఆమెకు దక్కలేదు, మనకు దక్కుచున్నది. కాబట్టి ముందు అక్షతలు చెంచమ్మ పేరు చెప్పి వేయండి. అమ్మవారు ఏమీ అనుకోదు.