జోగారావు పగటి లైట్లు

సన్యాసయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా కూర్చున్నచోట కూర్చుని జవాబు చెప్పరు. "సరే పద, అలా వెళ్లొద్దాం" అని కండువా దులిపి భుజాన వేసుకుంటారు. ఆ వెళ్లడం పెరట్లో గేదె దగ్గరికి కావచ్చు, ఊరి చివర చేపల బజారుకి కావచ్చు. తిరిగొచ్చేలోగా అడిగినవాడికి జవాబు దొరకాలి. దొరక్కపోతే అది వాడి ఖర్మ. పేరు సన్యాసయ్యే గాని ఆయనకు భార్య ఉంది, రెండు గేదెలున్నాయి, బీపీ ఉంది. నర్సీపట్నంలో ఆయన పెంకుటింటి అరుగు మీద ఆదివారాలు కొందరు చేరి ఏదో ఒకటి అడుగుతూ ఉంటారు. శాస్త్రం చెప్పమంటే మాత్రం ఆయనకి విసుగు. "అదంతా పుస్తకాల్లో ఉంది, చదువుకోండి" అనేస్తారు.

ఆ ఆదివారం అందరికంటే ముందొచ్చినవాడు జోగారావు. పంచదార ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మనిషి మంచివాడు. తను మంచివాడన్న సంగతి ఎవరైనా గమనిస్తే ముడుచుకుపోయే రకం. వచ్చీ రాగానే అరుగు మీద కూలబడి, "గురువుగారూ, సాయంత్రంలోగా నాకొక సంగతి తేల్చి చెప్పాలి" అన్నాడు.

సంగతి ఇది. జోగారావు మందు మానేసి చాలాకాలమైంది. మానడం కష్టం కాలేదు గాని, మానేశానని ప్రతి పార్టీలోనూ చెప్పుకోవలసి రావడం ప్రాణం తీస్తోంది. "ఏం సార్, ఇవాళ కూడా ఉపవాసమేనా?" అని ఒకడు. "స్వామివారికి మజ్జిగ తెప్పించండ్రా" అని ఇంకొకడు. సాయంత్రం ఫ్యాక్టరీ మేనేజరు రిటైర్మెంటు విందు. దానికి జోగారావు బావమరిది కన్నబాబు కూడా వస్తాడు, అతనిదీ అదే ఫ్యాక్టరీ. కన్నబాబుకి దసరాల్లో లివరు పాడై, ఆసుపత్రిలో చేర్పిస్తే బతికి బయటపడ్డాడు. ఇంకొక్కసారి ముట్టుకుంటే తన దగ్గరికి తీసుకురావద్దని డాక్టరు మొహమ్మీదే చెప్పేశాడు. అప్పట్నుంచీ పళ్లు బిగపట్టుకుని ఉన్నాడు. మందు గ్లాసుల మధ్య కూర్చోవడం అతనికి ఇదే మొదటిసారి. వెళ్లొద్దంటే వినడు, "బావ వస్తున్నాడు కదా, నాకేం భయం" అంటాడు. జోగారావు భార్య తమ్ముణ్ణి తలచుకుని పొద్దున్నుంచీ కాఫీ కూడా తాగలేదు.

"అందుకని ఒక ఉపాయం ఆలోచించానండీ" అన్నాడు జోగారావు. "అచ్చం విస్కీ రంగులో ఉండే కూల్ డ్రింకు ఒకటి దొరుకుతుంది. గ్లాసులో ఐసు వేసి పోసుకుని చేత్తో పట్టుకు కూర్చుంటాను. గ్లాసున్నవాడి జోలికి ఎవడూ రాడు. నన్ను ఆటపట్టించడం మొదలెడితేనే కదా, పక్కనున్న కన్నబాబునీ పట్టుకుంటారు? ఆ గొడవే లేకుండా పోతుంది. నేను తాగేదేం లేదు, అబద్ధమాడేదీ లేదు. ఇందులో తప్పేమైనా ఉందంటారా?"

సన్యాసయ్యగారు కండువా దులిపారు. "పద, చింతపల్లి దాకా వెళ్లొద్దాం. మిరియం తీగలు తెచ్చుకోవాలి. నీ కారెలాగూ ఉంది."

కారు కొత్తది. బూడిదరంగు. ఊరు దాటీ దాటకముందే జోగారావు దాని కథ మొదలెట్టాడు. ఇంజను స్టార్టు చేస్తే చాలు, ముందు రెండు పక్కలా సన్నటి తెల్ల లైట్లు వాటంతటవే వెలిగేవట. పగలైనా సరే, మిట్టమధ్యాహ్నమైనా సరే. వాటికి స్విచ్చి లేదు.

మనవాళ్ల దయాగుణం గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. పక్కింటివాడు తిన్నాడో పస్తున్నాడో మనకి పట్టకపోవచ్చు గాని, పట్టపగలు ఎవడి బండికైనా లైటు వెలుగుతుంటే మాత్రం ప్రాణం ఒప్పదు. ఎదురొచ్చే ప్రతివాడూ చెయ్యి పైకెత్తి, వేళ్లు ముడిచి విప్పి, ముడిచి విప్పి, "లైటు! లైటు!" అని సైగ చేస్తాడు. జోగారావు కారు కొన్న దగ్గర్నుంచీ ఆటోవాళ్లు చేశారు, పాలవాళ్లు చేశారు, బస్సు ఫుట్‌బోర్డు మీంచి కండక్టర్లు చేశారు. ఆఖరికి ఒక శవయాత్రలో అందరికంటే ముందు నడుస్తున్న పెద్దమనిషి కూడా, దుఃఖం కాసేపు ఆపుకుని, వేళ్లు ఆడించాడు.

"ఎంతమందికని చెప్పను గురువుగారూ, బాబూ ఇది ఆరదు, కంపెనీవాడే ఇలా పెట్టాడు అని? మొన్న మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లి ఆ వైర్లు పీకించేశాను. వద్దు సార్, వారంటీ పోద్ది అన్నాడు. పోతే పోనీ అన్నాను. అబ్బ, ఇప్పుడు ఎంత హాయిగా ఉందో! ఒక్కడు కూడా నా వంక చూడ్డం లేదు."

"ఒక్కడు కూడా?" అన్నారు సన్యాసయ్యగారు.

"ఒక్కడు కూడానండీ. అయినా పగటిపూట వాటితో పనేముంది? నాకు రోడ్డు శుభ్రంగా కనిపిస్తూనే ఉంది కదా."

"ఊఁ" అని ఆయన సీటు వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. జోగారావుకి కొంచెం చిన్నతనంగా అనిపించింది. తన ప్రశ్న ఈయన మరిచిపోయినట్టున్నారే అనుకున్నాడు. సాయంత్రానికి విందు, ఈయనకి మిరియాల గోల.

లంబసింగి ఘాటు రోడ్డు మొదలైంది. ఎండ చురుక్కుమంటోంది గాని, చెట్లు కమ్మిన చోట మాత్రం రోడ్డు మీద చిక్కటి నీడ. ఒక మలుపు దగ్గర రోడ్డు పైన సగం ఎండలోనూ, కింద సగం నీడలోనూ ఉంది. జోగారావు ఆ నీడలోంచి నెమ్మదిగా ఎక్కుతున్నాడు. పైనుంచి వెదురు లోడు లారీ దిగుతోంది. దాని వెనక స్కూటరు మీద ఒక మొగుడూ పెళ్లాం, ఆమె ఒళ్లో పసిపిల్ల. లారీ పొగ భరించలేకపోయారో, సంతకి పొద్దుపోతోందనుకున్నారో, మొత్తానికి అతను బండి పక్కకి తీసి లారీని దాటి ముందుకు ఉరికించాడు. వచ్చి తిన్నగా కారు ముందుకే వచ్చాడు.

ఈ రోజుల్లో స్కూటర్లకి పగలూ రాత్రీ లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటు లారీ పక్కనుంచి తొంగిచూడగానే జోగారావుకి కనబడింది. అందుకే బ్రేకు తొక్కి ఎడమకి తిప్పగలిగాడు. కారు చక్రం రోడ్డు పక్క కాలవలో దిగబడింది. స్కూటరు కారు పక్క అద్దాన్ని రాసుకుంటూ వెళ్లి, జారి పక్కకి ఒరిగింది. లారీ కీచుమని ఆగింది. ఆ తరవాత పిల్ల ఏడుపు తప్ప ఇంకేమీ వినబడలేదు.

అమ్మయ్య, ఏడుస్తోందంటే బతికే ఉంది. జోగారావు గుండె అప్పుడు మళ్లీ కొట్టుకుంది. కొట్టుకోగానే కోపమొచ్చింది. కారు దిగి పరిగెత్తాడు.

"కళ్లు నెత్తి మీదున్నాయా? మలుపులో ఓవర్‌టేకా? ఒళ్లో పసిదాన్ని పెట్టుకుని!"

అతను మోకాలు చేత్తో పట్టుకుని లేవలేక లేస్తున్నాడు. "రోడ్డు కాళీగుందనుకున్నాను బాబూ" అన్నాడు.

"ఖాళీయా? ఇంత కారు ఎదురొస్తుంటే ఖాళీయా? నాకు నువ్వు కనబడ్డావు కదయ్యా!"

పిల్ల ఒళ్లంతా తడిమి తడిమి చూసుకుంటున్న ఆ తల్లి తలెత్తింది. గాజులు చిట్లి మణికట్టు మీద నెత్తురు కారుతోంది, అది ఆమె చూసుకోలేదు. "మీకు మేం కనబడితే అయిపోద్దేటి బాబూ? మాకు మీరు కనబడాల గదా!" అని భోరుమంది.

తప్పు స్కూటరతనిదే. పోలీసులొచ్చినా అదే రాసుకుంటారు. జోగారావుకి ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది గాని, ఆమె ఏడుపు చూసి బయటికి రాలేదు. ఈలోగా సన్యాసయ్యగారు సీసాలో నీళ్లు తెచ్చి అతని మోకాలు కడిగారు, ఆమె చేతికి జేబురుమాలు కట్టారు, పిల్లనెత్తుకుని కండువాతో ముక్కు తుడిచి, "ఏడవకమ్మా, ఏడవకు" అని వీపు నిమిరారు. లారీ డ్రైవరూ క్లీనరూ కాలవలోంచి కారు చక్రం పైకి తోసి రోడ్డెక్కించారు. పిల్ల ఏడుపు ఆపింది. తల్లికి అప్పగించి ఆయన జోగారావు వంక చూశారు.

"ఇలా రా ఒకసారి."

మలుపు పైకి, ఎండలోకి నడిచారు. లారీని దాటుతూ ఆ స్కూటరతను ముందుకు చూసిన చోటది. అక్కడ ఆగి, "వెనక్కి తిరిగి చూడు. నీ కారేదీ?" అన్నారు.

జోగారావు చూశాడు. ఎండకి అలవాటుపడ్డ కళ్లకి చెట్ల కింద నల్లగా నీడొక్కటే ఉంది. కళ్లు చిట్లించాడు. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎర్రచొక్కా క్లీనరు ఏదో పట్టుకుని నిలబడ్డాడు. ఆ పట్టుకున్నది తన కారు డోరని కాసేపటికి గాని తెలియలేదు. తెలిశాక, గట్టు రాయి మీద కూర్చుండిపోయాడు.

"ఆ పిల్ల..." అన్నాడు. సన్యాసయ్యగారు కూర్చోడానికి ఇంకో రాయి వెతుక్కున్నారు.

ఆ కుటుంబాన్ని లంబసింగి ఆసుపత్రిలో చూపించి, కట్టు కట్టించి, చింతపల్లి వెళ్లి తీగలు తీసుకుని తిరుగుదారి పట్టేసరికి మధ్యాహ్నం దాటింది. దారంతా జోగారావు హెడ్‌లైట్లు వేసుకునే నడిపాడు. పెంకుటింటి ముందు కారు ఆపాక, గురువుగారు తీగల కట్ట పట్టుకుని దిగబోతుంటే ఉండబట్టలేకపోయాడు.

"గురువుగారూ, లైట్ల సంగతి నాకు బాగా బుద్ధొచ్చింది. రేపు పొద్దున్నే మెకానిక్కు దగ్గరికెళ్లి వైర్లు మళ్లీ పెట్టించేస్తాను. ఎవడెన్ని వేళ్లు ఆడించినా సరే. కానీ పొద్దున నేనడిగిందానికి మీరు జవాబే చెప్పలేదు. ఇంటికెళ్తే మా ఆవిడ అడుగుతుంది, ఏమన్నారని. విందుకి టైమైపోతోంది. కన్నబాబు ఈపాటికి స్నానం చేసి, చొక్కా ఇస్త్రీ చేయించుకుని, నాకోసం ఎదురుచూస్తుంటాడు."

"నువ్వేం చేద్దామనుకుంటున్నావు?"

"గ్లాసు పట్టుకుందామనేనండీ. నా గ్లాసులో ఏముందో నాకు తెలుసు, పైనున్న దేవుడికి తెలుసు. చాలదాండీ?"

సన్యాసయ్యగారు తీగలకంటిన మట్టి దులుపుకుంటూ అరుగెక్కారు. తలుపు తోశాక వెనక్కి తిరిగారు.

"ఆ విందుకి దేవుడు రావట్లేదు కదా నాయనా. వచ్చేవాడు కన్నబాబు."