సాక్షుల గదిలో రాజుగారు

మణిగిరి అని ఒక రాజ్యం ఉండేది. దాన్నేలే రణధీరవర్మ చెడ్డవాడు కాడు గానీ, తనంత తెలివైనవాడు భూమ్మీద లేడని ఆయనకు గట్టి నమ్మకం. న్యాయశాస్త్రం తానే రాశాడు, న్యాయపీఠం మీదా తానే కూర్చునేవాడు.

ఆ శాస్త్రంలో ఒక విడ్డూరం ఉంది. ముద్దాయితో పాటు సాక్షిని కూడా తీర్పు వచ్చేదాకా చెరసాలలోనే ఉంచాలి. బయట తిరిగితే ఎవరైనా బెదిరించి మాట మార్పిస్తారని రాజుగారి భయం. అంచేత చెరసాలలో శిక్ష పడ్డవాళ్లకొక గది, విచారణకు ఎదురుచూసేవాళ్లకొక గది, ఏ పాపమూ ఎరగని సాక్షులకొక గది ఉండేవి.

రాజు ఏనుగు ఎక్కేటప్పుడు జనమంతా తలలు వంచుకోవాలని అక్కడి ఆచారం. భేరి కొట్టే నాగన్న ఒక్కడే తలెత్తి చూడాలి. ప్రభువు అంబారీలో కూర్చోగానే దెబ్బ వేయాలి గదా! ఒకనాడు రాజుగారి కాలు నిచ్చెన మీద జారి, కిరీటం ముక్కు మీదికి దిగింది. నాగన్న కిసుక్కున నవ్వాడు. అంతే, రాజద్రోహమని చెరసాలలో పడేశారు.

నెలలు గడిచినా విచారణ లేదు. కొలువులో చమత్కారి అని పేరున్న కొండుభట్టు ఒక ఉదయం నాగన్నను చూడబోయాడు. చెరసాల వాకిట నాగన్న భార్య పోలమ్మ పసిబిడ్డతో కూర్చుని ఉంది. ఆ బిడ్డ మొహం తండ్రి ఇంకా చూడనేలేదు.

లోపలికి వచ్చిన కొండుభట్టును చూడగానే నాగన్న కాళ్ల మీద పడ్డాడు. "బాబయ్యా, నాకేదో ఒక శిక్ష వేయించండి!"

"అదేమిట్రా? విడిపించమని అడగవేం?"

"శిక్ష పడినోళ్లకి ఇంటికెప్పుడు పోతారో తెలుసు బాబయ్యా. తోటపనికి పోతారు, కాస్త ఎండ తగులుద్ది. మాకు రేపేంటో తెలీదు. పక్క గదిలో గానుగ రామన్న తాత ఉన్నాడు. ఎద్దును తోలుకుపోయినోణ్ణి చూశానని చెప్పాడు పాపం. దొంగేమో పారిపోయాడు. వాడు దొరికితేగాని తీర్పు లేదు, తీర్పు లేందే తాత ఇంటికి పోలేడు."

పదిమందినీ నవ్వించి బతికే కొండుభట్టుకు ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు కొలువులో లేచి నిలబడ్డాడు. "ప్రభూ, నాగన్న విచారణ ఇప్పుడే జరిపించండి. వాడి తరఫున నేను మాట్లాడతాను. ఫిర్యాది ఎవరు?"

"నేనే."

"వాడు నవ్వడం చూసిన సాక్షి?"

"అందరూ తలలు వంచుకుని ఉంటే ఇంకెవరు చూస్తారయ్యా? నేనే."

"తీర్పు చెప్పేది?"

"అదీ నేనే!" రాజుగారు మీసం మెలేశారు.

"మూడు పనులూ ఒక్కరే చేయగల ప్రభువు మరెక్కడా లేడు" అని కొండుభట్టు దణ్ణం పెట్టాడు. "అయితే సాక్షి అన్నవాడు తీర్పు వచ్చేదాకా సాక్షుల గదిలో ఉండాలని తమరే రాశారు. తమకు మినహాయింపు కావాలంటే సరే మరి."

మినహాయింపు అనే మాట రాజుగారి పౌరుషానికి తగిలింది. "నా చట్టం నాకూ చట్టమే! పదండి!" అంటూ విసవిసా నడిచి చెరసాలలోని సాక్షుల గదిలోకి వెళ్లారు. తలుపు మూతపడింది. కొండుభట్టు బయటే నిలబడి చెవి ఒగ్గాడు.

చూపు ఆనని రామన్న తాత చాప మీద జరిగి చోటిచ్చాడు. "కూర్చో నాయనా. నువ్వేం చూశావు?"

"ఒకడు నవ్వడం చూశాను."

"అయ్యో, దానికే! నేను ఎద్దును చూశాన్లే."

"ఎన్నాళ్లయింది?"

"ఎవరికి గుర్తు? నేనొచ్చేటప్పుడు పాకే మనవరాలు ఇప్పుడు పెళ్లీడుకొచ్చిందంట."

కాసేపటికి రాజుగారు లోపల్నుంచి కేకేశారు. "కొండుభట్టూ! తీర్పేమైంది?"

"న్యాయాధికారి కోసం చూస్తున్నాం ప్రభూ. పీఠం ఖాళీగా ఉంది."

"నేనేగా! తలుపు తియ్యి."

"తీర్పు రాందే సాక్షిని వదలకూడదు. తమరు బయటికి రాందే తీర్పు రాదు. మాకూ ఏం తోచడం లేదు."

"దారి నువ్వే చెప్పవయ్యా!"

"ఫిర్యాది ఫిర్యాదు వదులుకుంటే, ఇక సాక్షితో పనేముంది ప్రభూ?"

లోపల్నుంచి పెద్ద నవ్వు వినిపించింది. "మూడు పనులు నావనుకుంటే నాలుగోది, ఖైదీ పని కూడా నాకే అంటగట్టావు! వదులుకున్నాను పో!"

తలుపు తీశారు. రాజుగారు తాత చేయి పట్టుకుని ముందు ఆయన్ని బయటికి పంపి, తరువాత తాను వచ్చారు. నాగన్నను పిలిపించి అడిగారు. "నిజం చెప్పు. ఆ రోజు నవ్వావా?"

నాగన్న చేతులు జోడించాడు. "నవ్వాను ప్రభూ. ఆపుకోలేకపోయాను."

"నీ చోట నేనున్నా నవ్వేవాణ్ణే. వెళ్లు, నీ బిడ్డను చూసుకో."

అంటూనే తన మెడలోని రత్నాలహారం తీసి కొండుభట్టు మెడలో వేశారు. "న్యాయపీఠం కూడా ఇకనుంచి నీదే. కాకపోతే ఒక షరతు. విచారణకు ఎదురుచూసేవాళ్ల గది ఖాళీ అయ్యేదాకా నువ్వు పీఠం మీద నుంచి కదలడానికి వీల్లేదు!"

రాజుగారు పగలబడి నవ్వారు. కొండుభట్టు వెళ్లి పీఠం మీద కూర్చుని, మొదటి ఖైదీని పిలవమన్నాడు.