ఇస్సాకు నవ్వించని చోటు

తెనాలిలో బుర్రకథ నేర్పే నాంచారమ్మకు శిష్యులను తిట్టే అలవాటు లేదు. ఎవరైనా తప్పు పాడితే కుడిచేతి వేళ్లకు తొడిగిన అందెల మోత ఆపేస్తుంది. ఆ నిశ్శబ్దానికి భయపడే అందరూ దిద్దుకుంటారు. రత్నమాల ఆమె దగ్గర హాస్యపు వంతగా చేరి ఏడాది దాటింది. కథకురాలి మాట తడబడినా, చరణం మరిచినా, చటుక్కున ఓ చమత్కారం వేసి జనానికి తెలియకుండా కప్పేయడం ఆ వంత పని. రత్నమాల ఆ విద్యను అద్దం ముందు నిలబడి సాధన చేసేది. ఒక సాయంత్రం అడిగింది: "అమ్మా, మీరు ఏం తప్పినా కప్పేయగలను. ఇంకా ఏం నేర్చుకోవాలి నేను?"

నాంచారమ్మ తంబురా దించి పక్కన పెట్టింది. "ఇస్సాకు సంగతి చెబుతాను, విను" అంది.

ఇస్సాకు ఆమె దళంలో పాత హాస్యపు వంత. ఒకసారి మార్కెట్ యార్డులో కథ పెట్టారు. సాయంత్రం నాలుగింటికి మొదలైంది. కథలో రాణి గుర్రమెక్కే పాటకు ఈలలు పడ్డాయి. ఆ తర్వాతి వచనంలో నాంచారమ్మ మాట ముద్దయింది. ఇస్సాకు వెంటనే అందుకున్నాడు: "రాణిగారు మధ్యాహ్నం గోంగూర పచ్చడి దండిగా లాగించినట్టున్నారు, నాలుక తిరగట్లేదు!" జనం విరగబడి నవ్వారు. రెండో మాటా ముద్దగానే వచ్చింది. ఈసారి అందెలు కూడా తాళం తప్పాయి. అవి తాళం తప్పగా అతనెప్పుడూ వినలేదు.

ఇస్సాకు తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. మూతి కుడిపక్క జారి ఉంది. "అక్కగారూ, సభకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టండి" అన్నాడు, అదీ కథలో మాటే అన్నట్టు. ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి సగం లేచి వాలిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇస్సాకు వాయిస్తున్న డక్కీ కింద పెట్టేశాడు. "కథ ఆపేశాం. ఇది హాస్యం కాదు. కారెవరికుంది?" అని అరిచాడు.

"దిష్టి తగిలిందయ్యా. కాస్త సోడా పట్టి పడుకోబెట్టండి, సర్దుకుంటుంది" అన్నాడొక పెద్దమనిషి.

"మా నాన్ననీ అట్టాగే పడుకోబెట్టాం బాబాయ్. మళ్లీ మాట్లాడలా" అంటూ ఇస్సాకు సోడా సీసా తోసేశాడు.

నాంచారమ్మకైతే తనకేమీ కాలేదనే ఉంది. కథ చెడగొట్టాడని కారులో దారి పొడుగునా అతన్ని ముద్దమాటలతో తిడుతూనే ఉంది. "తిట్టండక్కా. రేపు కూడా తిట్టాలి మీరు" అన్నాడతను.

ఆసుపత్రిలో డాక్టరు ముందుగా అడిగింది ఒక్కటే: "ఎప్పటిదాకా బాగున్నారీవిడ?" వెంట వచ్చినవాళ్లు తలో మాటా చెప్పారు. ఇస్సాకు చెప్పాడు: "నాలుగింటికి మొదలెట్టామండీ. రాణి గుర్రమెక్కే పాట దాకా మాట గంటలా ఉంది. అక్కడికి అరగంట కథ." డాక్టరు గడియారం చూసుకుని స్కానింగుకు పంపించాడు. మెదడులో నెత్తురు చిందలేదు. ఎడమపక్క రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. ఆ అడ్డం అవతల నెత్తురందని మెదడు నిమిష నిమిషానికీ చచ్చిపోతోందని, గడ్డను కరిగించే మందు మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కించాలని, ఎప్పుడు మొదలైందో తెలియకపోతే ఎక్కించడం ప్రమాదమని డాక్టరు చెప్పాడు. మందు ఎక్కించారు. మూడో రోజుకు నాంచారమ్మ నోట ఇస్సాకు పేరు తిన్నగా పలికింది.

గురువుగారి కుడి చెయ్యి ఒక్కోసారి అందెలను అర తాళం ఆలస్యంగా కలుపుతుందని రత్నమాలకు తెలుసు. వయసు వల్ల అనుకునేది. ఆలస్యమైన ప్రతిసారీ ఓ చమత్కారం వేసి కప్పేసేది కూడా.

"ఇస్సాకు గారు అంతకుముందు ఎన్నిసార్లు కథ ఆపారమ్మా?" అని అడిగింది.

"ఎప్పుడూ ఆపలేదు" అంది నాంచారమ్మ. తంబురా మళ్లీ భుజానికెత్తుకుంది. డక్కీ తీసుకుని అద్దం వైపు నడవబోతున్న రత్నమాలను చేత్తో ఆపింది.

"అక్కడ కాదు. ఇటు తిరిగి, నా మొహం చూస్తూ వాయించు."