తడిపిన సాలు

"అయ్యా, దప్పికతో వాడిపోతున్న మొక్కకు గుక్కెడు నీళ్లు పోయొద్దని పిల్లలకు ఎట్లా నేర్పేది? ఇదేం ధర్మం?" అని బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే శిష్యుడు తిప్పేస్వామి ఒకనాడు గురువును నిలదీశాడు.

గురువు నారణప్ప కొండ కింద ఎర్రనేలలో బడి నడిపేవాడు. చుట్టూ ఊళ్లన్నీ బోర్లు వేసి, అవి ఎండిపోయి, చేలు బీడు పెట్టుకున్న కాలమది. తాతలనాటి మెట్టసాగును పిల్లల చేతుల మీదుగా మళ్లీ నిలబెట్టాలని ఆయన పంతం. ఒక్క వానకు విత్తడం, ఆపైన రోజూ తొలిక అనే చిన్న పారతో పైమట్టిని గుల్లచేసి లోపలి తేమను కాపాడుకోవడం, అంతే. నీళ్లు కట్టే ఊసే లేదు. బడి తోటలో వేసే నల్ల అనుముల విత్తనం ఒక ముసలమ్మ పోతూ పోతూ ఆయన చేతిలో పెట్టింది. అది ఇంకెక్కడా దొరకదు. అందుకే ఏటా పిడికెడు గింజలు బూడిదలో కలిపి కుండలో దాచేవాడు. ఆ ఏడు పిల్లలు ఎక్కువమంది చేరారు. ఏ బిడ్డ చెయ్యీ వట్టిగా ఉండకూడదని దాపుకు ఒక్క గింజ మిగల్చకుండా కుండంతా దులిపి పంచేశాడు.

మొలకలొచ్చాక వాన మొహం చాటేసింది. శిష్యుడి ప్రశ్న అప్పటిది. నారణప్పకు వాదించే అలవాటు లేదు. "చివరి సాలు నీది. నీ మనసెట్లా చెబితే అట్లా చేసుకో" అని ఊరుకున్నాడు. ఆ వారమే జ్వరమొచ్చి మంచం పట్టాడు.

తిప్పేస్వామి రోజూ చెంబుతో తన సాలు తడిపాడు. అది కళకళలాడింది. పక్క సాళ్లలో పిల్లల మొక్కలు మధ్యాహ్నానికల్లా తలలు వేలాడేస్తుంటే అతని ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు గొర్రెలకాపరి కూతురు మల్లక్క తన వంతు మంచినీళ్ల గ్లాసు తాగకుండా పట్టుకుని తోటలోకి నడవడం చూశాడు. ఆ పిల్ల పెదాలు పగిలి ఉన్నాయి. ఆమె వెనకే ఇంకొందరు, నాలుగు రోజులకు పిల్లలంతా. వద్దనాల్సినవాడు తనే అయినా ఆపలేదు. పైగా పిల్లలు తన దారికొచ్చారని లోలోపల పొంగిపోయాడు, దాచడమెందుకు.

తర్వాత బావిలో బురద తేలింది. ట్యాంకరు నీళ్లు గొంతు తడుపుకోవడానికే చాలలేదు. వడగాలి మొదలైన కొద్ది రోజుల్లోనే తోటంతా, అతని సాలుతో సహా, మాడి మసైపోయింది. గురువు కర్ర ఊతంతో వచ్చి చూసి గట్టు మీద కూలబడ్డాడు. "కుండ ఊడ్చింది నేను. ఆ తప్పు నాదే" అని మాత్రం అన్నాడు.

మల్లక్క తన మొక్కను పట్టి లాగింది. అవలీలగా వచ్చేసింది. నేలలోకి బారెడు దిగాల్సిన వేరు వేలెడంత ఉంది. అది కూడా తడి దొరికిన పైమట్టిలోనే అడ్డంగా పాకి ఉంది. ఆ పిల్ల దాన్ని తెచ్చి తిప్పేస్వామి చేతిలో పెట్టింది.

"మేం తాగకుండా దీనికి పోసినాం గదా సార్. మరి ఎందుకు సచ్చిపాయ?"

తిప్పేస్వామి సిగ్గుతో గురువు వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తావు?" అన్నాడు నారణప్ప. "ఆ బిడ్డ అడుగుతున్నది నిన్ను."