దొడ్డివాకిళ్ళు మూసిన సంఘం

వాగు మలుపు తిరిగే చోట ఎర్రమట్టి గట్టు ఒకటుంది. గట్టు నిండా బొరియలే. పదకొండు కుటుంబాలు అక్కడ కాపురముంటున్నాయి. గట్టు నెత్తిన నల్లబండ, వెనకవైపంతా రేగు పొదలు. అన్నిటికంటే దిగువనున్న బొరియ చెంగమ్మ అనే కుందేలుది.

మూడేళ్ళ కిందట ఆ గట్టు మీద ఎవరి గోల వాళ్ళదే. ఎగువ ఇళ్ళవాళ్ళు తవ్విన మట్టిని ఎక్కడపడితే అక్కడ పోసేవారు. వానకి అది జారి కాలవ పూడిపోయి, నీళ్ళన్నీ దిగువ ఇళ్ళలోకి దూరేవి. ఆకాశంలో గద్ద తిరుగుతోందని ఒకరు చూసినా పక్కింటికి చెప్పే అలవాటు లేదు. ఆ ఏడు చెంగమ్మ ఒక పిల్లని వరదకీ, ఒక పిల్లని గద్దకీ పోగొట్టుకుంది.

అప్పుడే ముసలి తాబేలు కూర్మయ్య అందర్నీ బండ దగ్గర కూర్చోబెట్టి సంఘం పెట్టించాడు. కట్టుబాట్లు మూడే. మట్టి కాలవలో పోయకూడదు. వానలకి ముందు అందరూ కలిసి కాలవ తవ్వాలి. రోజుకొకరు వంతున బండ మీద కావలి కాయాలి. ఆపద కనబడితే కాలితో మూడు దెబ్బలు కొట్టాలి, అందరూ ఇళ్ళలోకి పరిగెత్తాలి. అంతే. ఆ మూడు దెబ్బల పుణ్యమా అని మూడేళ్ళలో గట్టు మీద ఒక్క పిల్ల కూడా పోలేదు. చెంగమ్మకి కంటినిండా నిద్ర అంటే ఏమిటో సంఘం వచ్చాకే తెలిసింది.

నిరుడు కూర్మయ్య, "ఇక గట్టెక్కలేనర్రా" అని తప్పుకున్నాడు. పందికొక్కు దాలయ్య సంఘం పెద్ద అయ్యాడు. కష్టపడే మనిషే గాని, పెద్దరికం వచ్చిన దగ్గర్నించీ వాడి నడకే మారిపోయింది. వారానికో కొత్త కట్టుబాటు. వాకిట్లో ఎండుగడ్డి కనబడకూడదన్నాడు. పిల్లలు బండెక్కి ఆడకూడదన్నాడు. పైవరస వాళ్ళు వాగుకి వెళ్తుంటే కింది వరస వాళ్ళు పక్కకి తప్పుకోవాలన్నాడు.

"రేపు ఊపిరి పీల్చడానికి కూడా వంతులు పెడతాడు," అని చెంగమ్మ పక్కింటి ఏదుపంది గంగులు ఒంటిమీది ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని గొణిగేవాడు.

"పోనీలే అన్నా," అనేది చెంగమ్మ. "పిల్లలు బతికున్నారు. దానికోసం ఏమన్నా పడదాం."

ఈ ఏడు ఆమెకి ముగ్గురు పిల్లలు పుట్టారు. కళ్ళు తెరిచి పది రోజులు కాలేదు.

ఒకనాటి ఉదయం చెంగమ్మ కావలి వంతు. బండ మీంచి చూస్తే వాగు ఒడ్డున దాలయ్య నిలబడి ఉన్నాడు. అవతలి ఒడ్డున, నీళ్ళ అంచునే, శాంతయ్య అనే నక్క కూర్చుని తలాడిస్తూ మాట్లాడుతోంది. చెంగమ్మ టక టక టక మూడు దెబ్బలు కొట్టింది. గట్టు మీద వాళ్ళంతా లోపలికి దూరారు. దాలయ్య మాత్రం కదల్లేదు. కాసేపటికి నక్క లేచి వెళ్ళిపోయింది. దాలయ్య రుసరుసలాడుతూ పైకొచ్చాడు.

"బుద్ధుందా చెంగమ్మా? పెద్దమనిషి మాట్లాడుతుంటే మధ్యలో దెబ్బలేంటి?"

"పెద్దమనిషా! నక్క బాబూ అది."

"అయితే ఏం? వాగు దాటి ఇవతలికి అడుగు పెట్టాడా? మన గట్టుని ఎంత మెచ్చుకున్నాడో తెలుసా? ఇంత చక్కటి పెద్దరికం ఎక్కడా చూళ్ళేదన్నాడు."

ఆ సాయంత్రమే దాలయ్య సమావేశం పిలిచాడు.

"ఇక మీదట ఇంటికి ఒకే వాకిలి," అన్నాడు. "మనందరికీ వెనక దొడ్డివాకిళ్ళున్నాయి. వానకి నీళ్ళు వాటిలోంచి దూరి గట్టు గుల్లైపోతోంది. ఒకరోజు మొత్తం కూలుతుంది. అవతలి గట్టు వాళ్ళు ఎప్పుడో మూసేశారు. ఆ ఇళ్ళు అద్దంలా ఉన్నాయిట."

వరద మాట వినేసరికి అందరి మొహాల్లోనూ భయం కనబడింది. పాత వరద ఎవరూ మరిచిపోలేదు.

చెంగమ్మ లేచింది. "బాబూ, ముందునించి ఏదన్నా వస్తే పిల్లల్ని వెనకనించే కదా తీసుకుపోవాలి?"

"ముందునించి ఎందుకొస్తుంది? కావలి ఉంది కదా!"

"ఈ ఆలోచన ఎవరిది?"

"ఎవరిదైతేనేం? మంచి మాట ఎవరు చెప్పినా మంచిదే. ఒప్పుకున్నవాళ్ళు తోకెత్తండి."

తొమ్మిది ఇళ్ళవాళ్ళు తోకలెత్తారు. చెంగమ్మా, గంగులూ ఎత్తలేదు.

"మూడు రోజులు గడువు," అన్నాడు దాలయ్య వాళ్ళిద్దరి వంకే చూస్తూ. "మూయనివాళ్ళు గట్టు ఖాళీ చెయ్యాలి."

గంగులు ఉమ్మేసి తన బొరియకి వెళ్ళిపోయాడు. వాడికి వెళ్ళడానికి వేయి చోట్లున్నాయి. కళ్ళు తెరిచి పది రోజులు కాని పిల్లల్ని పెట్టుకుని చెంగమ్మ ఎక్కడికి పోతుంది? మర్నాడు తెల్లవారాక తన కాళ్ళతోనే మట్టి తెచ్చి దొడ్డివాకిలి పూడ్చింది. వెనకనించి వచ్చే వెలుతురు ఆగిపోయింది. చీకట్లో పిల్లలు ఆమె పొట్ట కిందకి దూరారు.

"అమ్మా, గాలాడట్లేదే," అంది పెద్దది.

చెంగమ్మ వాళ్ళని ముందు వాకిలి వైపు జరిపింది. ఆ రోజంతా ముందు వాకిలి దగ్గరే కూర్చుంది. ఆకు కదిలినా లేచి చూసేది.

మూడో పూటకి ఉండబట్టలేక వాగు ఒడ్డుకి వెళ్ళి కూర్మయ్యని అడిగింది. "తాతా, అవతలి గట్టు మీద ఎవరుంటారు?"

కూర్మయ్య మెడ బయటికి చాపి ఆలోచించాడు. "ఒకప్పుడు కుందేళ్ళుండేవమ్మా. ఈమధ్య నీళ్ళు తాగడానికి ఎవరూ రాగా చూళ్ళేదు."

"ఎన్నాళ్ళనించి?"

"ఎండాకాలం దగ్గర్నించీ."

చెంగమ్మ పిల్లల్ని గంగులుకి అప్పగించింది. "ఒక్క పూట చూస్తూ ఉండన్నా. నేను పొద్దువాలేలోగా వస్తాను. రాకపోతే..." గంగులు వెళ్ళి ఆమె వాకిటికి అడ్డంగా పడుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం వేళ రాళ్ళ మీంచి గెంతుకుంటూ ఆమె వాగు దాటింది.

అవతలి గట్టు నిజంగానే అద్దంలా ఉంది. వరసగా బొరియలు, ఇంటికి ఒకే వాకిలి, వాకిట్లో గడ్డిపరక లేదు. ఎక్కడా పిట్ట శబ్దం కూడా లేదు. "ఎవరన్నా ఉన్నారా?" అని సన్నగా పిలిచింది. జవాబు రాలేదు. మొదటి ఇంట్లోకి తల పెట్టింది. లోపల అంతా బొచ్చు. మూలన సన్నటి ఎముకలు. చివరికంటా వెళ్ళి చూసింది. పూడ్చిన దొడ్డివాకిలి మట్టి మీద, లోపలివైపునించి, గోళ్ళ గీతలు. ఒకదాని మీద ఒకటి, లోతుగా. ఎవరో చివరి ఊపిరిదాకా తవ్వారు.

సరిగ్గా అప్పుడు బయట అడుగులు వినిపించాయి. వాకిలి ముందు రెండు నీడలు పడ్డాయి. చెంగమ్మ గోడకి కరుచుకుపోయింది.

"ఈ ఇంట్లో ఇంకా కుందేలు వాసన పోలేదు బావా," అంది ఒక గొంతు.

"ఇల్లిల్లంతా తిన్నాం, వాసన ఉండదా?" ఆ గొంతు శాంతయ్యది. "ఇంకో రెండు రోజులు ఓపిక పట్టు. దాలయ్య రేపటికల్లా అన్నీ మూయిస్తాడు. ఎల్లుండి పొద్దు పొడవగానే మన నలుగురం వెళ్దాం. నాలుగేసి ఇళ్ళ చొప్పున వాకిలికొకరం కూర్చుని ఖాళీ చేసుకుంటూ పోతే చాలు. వాళ్ళ కావలి దెబ్బలు కొడితే మనకే మంచిది. అందరూ బుద్ధిగా ఇళ్ళలోకే పోతారు."

రెండు నక్కలూ నవ్వుకుని వాకిట్లోనే వెల్లకిలా పడుకున్నాయి.

బయటికి దారి లేదు. చెంగమ్మ వెనక్కి తిరిగింది. ఆ గోళ్ళ గీతల్లోనే తన గోళ్ళు ఆనించింది. అవతల కాకి అరిచినప్పుడల్లా ఒక పిడికెడు మట్టి లాగేది, ఆగేది. ఒక పెళ్ళ జారి దబ్బున పడింది.

"లోపలేదో కదిలింది," అంది రెండో నక్క లేస్తూ.

"ఎలకై ఉంటుంది. ఎలకల వెంటపడి ఎల్లుండి విందుకి ఆకలి చెడగొట్టుకోకు. పడుకో."

చెంగమ్మ ఊపిరి బిగబట్టింది. నీడ మళ్ళీ కిందికి వాలింది. మట్టి ఇంక జానెడు మందమే మిగిలి ఉంది. ముందు తవ్విన ఆ తల్లి ఎవరో గాని, మిగతాదంతా తవ్వి పెట్టే పోయింది. వేలెడంత వెలుతురు కనబడింది. చెంగమ్మ నేల మీద రాలిన చిన్న గోరు ఒకటీ, బొచ్చు ఒక గుప్పెడూ నోట కరుచుకుని ఆ సందులోంచి బయటపడి, వాగు దాటేదాకా వెనక్కి చూడలేదు.

గట్టు చేరగానే కూర్మయ్యని గట్టు మొదట్లోకి తీసుకొచ్చి అందర్నీ కిందికి పిలిచింది. విన్నదంతా చెప్పింది.

దాలయ్య మొహం నల్లబడింది. "నువ్వు వాగు దాటడానికి సంఘం ఒప్పుకుందా?" అన్నాడు.

ఆమె వాడి దగ్గరికి వెళ్ళింది. అవతలినించి తెచ్చిన గోరూ, బొచ్చూ వాడి ముందు పెట్టింది.

కూర్మయ్య దగ్గరికి జరిగి గోరుని తిప్పి చూశాడు. "ఈ గోరు పసిదానిదిరా దాలయ్యా," అన్నాడు.

దాలయ్య నేల మీద చతికిలబడ్డాడు. "వాళ్ళంతా సుఖంగా ఉన్నారన్నాడు తాతా. గట్టు కూలితే ఆ పాపం నాదే అవుతుందన్నాడు. అంతలా చెబితే..."

"ఈ సంఘమూ వద్దు, ఈ గట్టూ వద్దు!" అని పైవరస ముంగిస అరిచాడు. "ఎవరి దారి వాళ్ళం చూసుకుందాం!"

"చూసుకున్నాం కదా మూడేళ్ళ కిందట," అంది చెంగమ్మ. "నా ఇద్దరు పిల్లలు అప్పుడే పోయారు. విడిపోతే ఆ నక్కకి మూసిన వాకిళ్ళతో కూడా పనిలేదు, ఒక్కొక్కరినీ దారిలోనే పట్టుకుంటుంది. నేను చెప్పేది వినండి. ఒక్కరు తప్పినా అందరం పోతాం."

ఆమె చెప్పింది విని ఈసారి పదకొండు తోకలూ లేచాయి. రేపు ఆ నక్కకి కబురు మోసే పని దాలయ్యకి పడింది.

మర్నాడు పొద్దున్నించీ దాలయ్యా, గట్టు మీది మిగతా పందికొక్కులూ కలిసి దొడ్డివాకిళ్ళు లోపలినించి తిరిగి తవ్వాయి. పైన అరచేతి మందం మట్టి పొర మాత్రం వదిలేశాయి. బయటినించి చూస్తే మూసినట్టే ఉన్నాయి. సాయంత్రం దాలయ్య వాగు ఒడ్డుకి వెళ్ళాడు.

"మూసేశారా?" అడిగాడు శాంతయ్య.

"అన్నీ మూసేశామండి. తమరే ఆ మలుపు దగ్గర్నించి వెనకవైపు చూసుకోండి."

శాంతయ్య గట్టు వంక చూసి మూతి నాక్కున్నాడు. "నీలాంటి పెద్ద దొరకడం వాళ్ళ అదృష్టం దాలయ్యా," అన్నాడు.

మరునాడు పొద్దు పొడుస్తుండగా నాలుగు నక్కలు వాగు దాటాయి. బండ మీద చెంగమ్మే ఉంది. వాటిని బాగా దగ్గరికి రానిచ్చింది. శాంతయ్య కళ్ళలోని పుసి కనబడేంత దగ్గరికి. అప్పుడు కొట్టింది మూడు దెబ్బలు. గట్టు మీది వాళ్ళంతా ఇళ్ళలోకి దూరారు. చెంగమ్మ కూడా బండ దిగి తన బొరియలోకి దూకింది.

నక్కలు తలో వాకిలి ముందూ కూర్చున్నాయి. శాంతయ్య చెంగమ్మ వాకిలే ఎంచుకున్నాడు.

"బయటికి రా అమ్మా," అన్నాడు తీయగా. "పిల్లల ఎదురుగా ఎందుకు?"

లోపల చెంగమ్మ పెద్దపిల్లని నోట కరుచుకుని, మిగతా ఇద్దర్నీ ముందుకి తోస్తూ వెనక మట్టి పొరని తలతో గుద్దింది. అది విరిగి వెలుతురు పడింది. ఒక్కొక్క ఇంట్లోంచీ అలాగే తల్లులూ పిల్లలూ చప్పుడు లేకుండా రేగు పొదల్లోకి జారుకున్నారు. ముళ్ళ మధ్య కూర్చుని చెంగమ్మ పిల్లల్ని లెక్కపెట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. మళ్ళీ లెక్కపెట్టుకుంది.

బొరియలోంచి జవాబు రాకపోయేసరికి శాంతయ్య విసిగి తల లోపలికి దూర్చాడు. లోపలొక వీపు తగిలింది. కుందేలేననుకుని నోరంతా తెరిచి కరిచాడు.

ఆ వీపు గంగులుది. చెంగమ్మ జారుకోగానే వెనక వాకిట్లోంచి దూరి అక్కడ కాచుకున్నాడు.

శాంతయ్య పెట్టిన కేకకి వాగులో కొంగలు లేచిపోయాయి. మూతినిండా, నాలుక మీదా ముళ్ళు. వెనక్కి గింజుకుంటూ బయటపడి నేల మీద దొర్లాడు. మిగతా మూడు నక్కలూ ఖాళీ బొరియల్లోంచి మట్టి మొహాలతో తలలు బయటికి తీసి, పెద్దవాడి అవస్థ చూసి, ఆగకుండా వాగులోకి దూకాయి.

"దాలయ్యా! ఒకే వాకిలి అన్నావు కదరా!" అని శాంతయ్య ముళ్ళ నోటితో ఏడ్చాడు.

పొదల్లోంచి దాలయ్య గొంతు వినిపించింది. "తమరికి ఒకటేనండి. మాకు రెండు."

శాంతయ్య కుంటుకుంటూ వాగు దాటాడు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరికీ కనబడలేదు.

ఆ సాయంత్రం దాలయ్య పెద్దరికం వదిలేసి, గట్టు విడిచి పోతానని మూట కట్టుకున్నాడు. చెంగమ్మే అడ్డు తగిలింది. "రేపు కావలి వంతు నీది. నువ్వు పోతే ఎవరు కాస్తారు?" అంది. వాడు తలవంచుకుని మూట దించాడు. సంఘం పెద్దగా ఎవరుండాలో ఆ వేళ తేలలేదు. ఎంత రాద్ధాంతమైనా సరే, ఏ కట్టుబాటు వచ్చినా "ఇది ఎవరి నోట వచ్చింది?" అని అడిగే హక్కు పసిపిల్లకి కూడా ఉండాలన్న ఒక్క మాట మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

కలిసి బతకడానికి కట్టుబాటు కావాలి. దానికి తలవంచే ముందు అది ఎవరి మేలు కోసం పుట్టిందో కనుక్కోవాలి.