గిటారుకు నోరొచ్చిన సాయంత్రం

ఇమ్మానుయేలు మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. "చెప్పులేసుకో" అంటారు. ఇక ఆ జవాబు కాకినాడలో ఏ వీధిలో ఉందో ఆయన వెనక నడిచి చూసుకోవాల్సిందే. తాళం ఎందుకు నిలబడటం లేదని అడిగిన ఒక అమ్మాయిని రేవుకి తీసుకెళ్ళి, వల లాగేవాళ్ళ పక్కన పొద్దెక్కేదాకా కూర్చోబెట్టి, మాటైనా మాట్లాడకుండా వెనక్కి తీసుకొచ్చారట.

ఆయన దగ్గర గిటారు నేర్చుకునే భార్గవ్ ఒకనాటి సాయంత్రం ఇలా అడిగాడు:

"మాస్టారూ, గిటారు చేత మనిషిలా మాట్లాడించాలంటే ఇంకా ఏ పెడల్ కొనాలండి?"

ఆ 'ఇంకా' అన్న మాటకి చాలా చరిత్ర ఉంది. భార్గవ్ వాయించడానికి కూర్చుంటే అతని కాళ్ళ ముందు పెళ్ళివారింటి గుమ్మంలో చెప్పుల్లా, కాలితో తొక్కితే గిటారు మోతని మార్చే పెడల్స్ పరుచుకుని ఉంటాయి. కుర్రాడు మంచివాడు, వేళ్ళలో పనితనం ఉన్నవాడు. కాని వాయిస్తున్నంతసేపూ తల కిందికే. ఏ మీట ఎటు తిప్పాలి, ఏ పెడల్ ఎప్పుడు తొక్కాలి, అదే ధ్యాస. ఎదురుగా కూర్చుని వింటున్నవాళ్ళు లేచి వెళ్ళిపోయినా పాట అయ్యేదాకా అతనికి తెలియదు.

మాట పలికించాలన్న పిచ్చి పట్టాక మరీ అన్యాయమైపోయాడు. అతనికి ఇష్టమైనది వా పెడల్. ముందుకి తొక్కితే గిటారు 'ఆ' అని నోరు తెరుస్తుంది, వెనక్కి వదిలితే 'ఊ' అని మూస్తుంది. దానితో రోజంతా తంటాలు పడితే, పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "బాతుల్ని పెంచుతున్నారేటండీ మాస్టారూ?" అని అడిగింది. అది చాలక ఈమధ్య టాక్ బాక్స్ కూడా తెచ్చుకున్నాడు. అదొక చిన్న పెట్టె, దానికొక సన్నటి ప్లాస్టిక్ గొట్టం. గిటారు మోత ఆ గొట్టంలోంచి నేరుగా మన నోట్లోకి వస్తుంది. గొంతు విప్పకుండా పెదవులూ నాలుకా ఆడిస్తే ఆ మోతే మాటవుతుంది. ఎదురుగా ఉన్న మైకు దాన్ని అందుకుంటుంది. అయితే భార్గవ్ నోట్లో అది ఎంతసేపూ చొక్కా తడవడానికే పనికొచ్చింది.

మాస్టారు ప్రశ్న విని కాసేపు గడ్డం నిమురుకున్నారు.

"ఆ గొట్టం పెట్టె తెచ్చుకో. గొట్టం మాత్రం కొత్తది పెట్టు. చెప్పులేసుకో" అన్నారు.

భార్గవ్ గిటారూ, మైకూ, స్పీకరుతో పాటు వా పెడల్ కూడా సంచిలో వేసుకున్నాడు. వాళ్ళు వెళ్ళింది వంతెన అవతల జగన్నాథపురంలో సత్తిరాజు ఇంటికి. సత్తిరాజు ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో పాడేవాడు. అతను పాడుతుంటే పక్కన గిటారు వాయించినవారు మాస్టారే. తర్వాత గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడ దగ్గరున్న రంధ్రంతోనే ఊపిరి తీసుకుంటాడు. దాని మీద భార్య భ్రమరాంబ కుట్టిన పల్చటి గుడ్డ కట్టుకుంటాడు. నోరుంది, నాలుక ఉంది, పెదవులున్నాయి. వాటికి అందాల్సిన నాదమే లేదు.

మెడకి ఆనించుకుంటే మాట పలికించే చిన్న యంత్రం ఒకటి ఆసుపత్రివాళ్ళు ఇచ్చారు. మాటలు అర్థమయ్యేవి. కాని పిలిచినా, అడిగినా, విసుక్కున్నా అది ఒకే శ్రుతిలో గరగరమనేది. పాట మీద బతికిన మనిషి అది భరించలేక దాన్ని బీరువాలో పడేశాడు. అప్పటినుంచీ భార్యతో పనిపడితే స్టీలు గ్లాసు మీద ఉంగరంతో టంగుమని కొట్టడం అలవాటు చేసుకున్నాడు. ఆవిడ వచ్చి, ఎదురుగా నిలబడి, పెదవులు చూసి అర్థం చేసుకునేది. వచ్చేది కాని, వస్తున్నానని పలికేది కాదు. గ్లాసుకి ఎవరు మాత్రం బదులు పలుకుతారు? అలా ఒక గొంతు పోయిన ఇంట్లో రెండో గొంతు కూడా నెమ్మదిగా అణిగిపోయింది.

మాస్టారు సంగతి చెప్పగానే సత్తిరాజు తల అడ్డంగా ఊపాడు. మరో యంత్రం తెచ్చారా అన్నట్టు గొట్టం వంక చూశాడు.

"ఒక్కసారికి ఒప్పుకో. నచ్చకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తితే ఒట్టు" అన్నారు మాస్టారు.

స్నేహితుడి కోసం ఒప్పుకున్నాడు. వేలమంది ముందు మైకు పట్టుకున్న మనిషి, ఇవాళ తన ఇంట్లో, తన భార్య ముందు మైకు పెడితే చెమటలు పట్టి కూర్చున్నాడు. గొట్టం నోట్లో పెట్టుకుని పెదవులు కదిపాడు.

భార్గవ్ ఊరుకున్నాడా? తన విద్యంతా చూపించాడు. ఎడంచెయ్యి తీగల మీద పరుగులు తీసింది. కాలు అలవాటు కొద్దీ వా పెడల్ మీదికి వెళ్ళి దాన్ని పైకీ కిందికీ తొక్కింది. మైకులోంచి వచ్చింది మాటా కాదు, పాటా కాదు. నీళ్ళలో మునుగుతున్న మేకపిల్ల అరుపులా ఉంది. భ్రమరాంబ ముఖం చిన్నబోయింది. "పాలు పొయ్యి మీదున్నాయండి" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మొగుడు నలుగురిలో నవ్వులపాలు కావడం చూడలేక వెళ్ళిందని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. సత్తిరాజు గొట్టం తీసి, తుడిచి, పక్కన పెట్టేశాడు. ఇక అతను దాన్ని ముట్టుకోడని ముఖమే చెబుతోంది.

అప్పుడు మాస్టారు చాలా నెమ్మదిగా అన్నారు:

"ఆయనకి నోరుంది కదా బాబూ."

భార్గవ్‌కి ముందు అర్థం కాలేదు. తర్వాత తన కాలి వంక చూసుకున్నాడు. సత్తిరాజు పెదవులు తెరిచినప్పుడు ఆ కాలు మూసింది. ఆయన మూసినప్పుడు తెరిచింది. ఒక మాట మీద రెండు నోళ్ళు పడి దాన్ని నమిలేశాయి. కుర్రాడికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వా పెడల్ వైరు పీకి దాన్ని గోడవారకి జరిపాడు. కుర్చీ లాక్కుని సత్తిరాజుకి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"ఇంకొక్కసారి చూడండి బాబాయ్‌గారూ. ఈసారి మీరు ఎటు వెళితే అటు వస్తానండి" అన్నాడు.

సత్తిరాజు వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూసి, గొట్టం అందుకున్నాడు. ఆయన ఏమనబోతున్నాడో భార్గవ్‌కి తెలియదు. అందుకని ముఖం మీంచి చూపు తిప్పలేదు. పెదవులు సాగాయి, కనుబొమలు లేచాయి. భార్గవ్ ఒకే ఒక్క తీగ మీటాడు. పెదవులు ఒకసారి కలిసి, గుండ్రంగా విచ్చుకున్నాయి. ఆ కనుబొమల వెంటే తీగని సాగదీసి, అవి దిగుతుంటే వదిలాడు.

"ఏమోయ్!"

గరగర లేదు. కొంచెం బొంగురుగా, చివర కాస్త గారంగా, ఇంట్లో మనిషిని ఇంట్లో మనిషి పిలిచినట్టే ఉంది.

"ఆయ్! వస్తన్నానండీ! పాలు దింపుకుని వస్తన్నా!"

వంటింట్లోంచి భ్రమరాంబ కేక అది. వెనక్కి తిరగకుండా, ఆలోచించకుండా, ఏళ్ళ అలవాటు మీద వచ్చిన బదులు. ఆ తర్వాత ఒక గిన్నె చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఆ కేకకి అందరికన్నా ఎక్కువ ఉలిక్కిపడింది సత్తిరాజే. గొట్టం చేతిలోంచి జారిపోయింది. పిలిస్తే పలికే మనిషి ఇంట్లో ఉందన్న సంగతి ఆయన కూడా మరిచిపోయాడు కాబోలు.

భ్రమరాంబ చేతిలో మసిగుడ్డతోనే గుమ్మంలోకి వచ్చింది. మాస్టారిని చూసింది, కుర్రాడిని చూసింది, మొగుణ్ణి చూసింది. కొంగుతో కళ్ళు వత్తుకుంది.

"మీ మూలంగా పాలన్నీ పొంగిపోయాయి" అని మొగుణ్ణి కోప్పడింది.

సత్తిరాజు గొట్టం మళ్ళీ తీసుకున్నాడు. భార్గవ్ అప్పటికే తీగ మీద వేలుంచి సిద్ధంగా ఉన్నాడు.

"ఏమోయ్!"

"ఎదురుగానే ఉన్నాను కదండీ" అంది ఆవిడ. మళ్ళీ ఆవిడే, చిన్న గొంతుతో, "ఆయ్" అంది.

టాక్ బాక్స్ అక్కడే వదిలేసి, గిటారుతో రేపు వస్తానని చెప్పి భార్గవ్ బయటపడ్డాడు. గురుశిష్యులిద్దరూ వంతెన దాటాక శిష్యుడికి పాత బుద్ధి మళ్ళీ గుర్తొచ్చింది.

"మాస్టారూ, ఆ పలుకు ఏ మీట ఎక్కడుండగా వచ్చిందో నేను చూసుకోలేదండి" అన్నాడు దిగులుగా.

మాస్టారు నడక ఆపలేదు.

"అవును, చూసుకోలేదు" అన్నారు.